అరకోట కొలతలు

అసలు పేరు హార్‌కోర్ట్ హౌస్.
మన నాలుక మీద పడి అరకోట అయింది.
సగం కోట. ఇప్పుడు సగంలో సగం.
వాల్తేరు మెరక మీద, ఎర్రమట్టి జారిపోతున్న అంచున
సముద్రంతో మాట్లాడటం మానేసినట్టు కూచుంది.

కూల్చే ముందు కొలవమన్నారు.
టేపు ఆ కొసన పైడయ్య.
ఈ కొసన నేను, రిటైర్మెంటుకి నాలుగు నెలల దూరంలో.

వరండా, డెబ్బై రెండడుగులు.
స్తంభాలు పదకొండు. పన్నెండోదాన్ని ఏ తుఫాను తిందో.
దూరానికి పాలరాయి,
దగ్గరికెళితే పెచ్చు ఊడినచోట ఇటుక పళ్ళు బయటపెట్టింది.
గుల్లసున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం, తెల్లసొన,
గులకరాయితో ఎవరో ఆడమనుషులు రోజులకి రోజులు రుద్దిన నునుపు.
ఇప్పటికీ ముసురు పడితే
చీమలు బారు కట్టి ఈ గోడకే వస్తాయట.
దొర పేరు వాటికి తెలీదు. బెల్లం తెలుసు.

పైన ఇనుప దూలాలు
ఉప్పుగాలికి మడతకాజాల్లా పొరలు విచ్చుకున్నాయి.

నీలిమందు మీద సంపాదించాడంటారు,
కాదు ఉప్పు మీద అంటారు.
దొరసాని రెండో వేసవికే ఓడెక్కిందని ఒక కథ,
ఎక్కలేదని ఒక కథ.
నాకు తెలిసింది ఒకటే:
ఎండకి మొహంవాచిన దేశంలో గీసిన నక్షా ఇది.
దక్షిణానికి అంతంత కిటికీలు, సూర్యుణ్ణి భోజనానికి పిలిచినట్టు.
వచ్చాడు. తర్వాత బుద్ధొచ్చి
వట్టివేళ్ళ తడికలు కట్టుకున్న మేకులు ఇంకా ఉన్నాయి.

హాలు గోడలో, ఎత్తున, బొటనవేలు దూరేంత కంత.
పంకా తాడు కంత.
అవతలి నడవలో సరిగ్గా దాని కింద
గచ్చులో రెండు మడమల గుంటలు,
గోడకి ఒక వీపు అరగదీసిన మెరుపు.
లోతు కొలిచాను. ముప్పావు అంగుళం.
ఏ గుర్తు వెయ్యాలో తెలియక
పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టాను.

నడిమి గదిలో చలిమంట గూడు.
విశాఖపట్నంలో!
పుష్యమాసంలోనూ చొక్కా వీపుకంటుకునే ఊళ్ళో
నల్లరాతి కమాను, పైకి పొగగొట్టం, అటూ ఇటూ చెక్కిన ద్రాక్షగుత్తులు.
"ఏటి బాబూ, వంటగదా?"
"కాదు. చలి కాచుకోడానికి."
పైడయ్య నవ్వి నవ్వి టేపు వదిలేశాడు,
అది పాములా నా చేతిలోకి దూసుకొచ్చింది.

ఎన్నడూ వెలిగించి ఉండరు.
'నిరుపయోగం' అని రాయబోతూ లోపల చెయ్యి పెట్టాను.
మసి.
మోచేతి దాకా మసి.

నవ్వు ఆగింది అతనికి.
"మా మామ్మ సెప్పేది బాబూ.
పెద్ద గాలోననాడు పేటంతా కొట్టుకుపోతే
పిల్లల్ని సంకనేసుకుని ఇక్కడికే ఎక్కినారంట.
అప్పటికి దొరల్లేరు, తాళాల్లేవు.
ఇరిగిన తెప్ప సెక్కలేసి మంటెట్టినారంట, మూడు రాత్రులు.
మా సిన్నాయన ఆ మంట కాడే పుట్టినాడంట."
టేపు కొస మళ్ళీ వేలికి చుట్టుకుంటూ
"మూడోనాడు పోనాడు" అన్నాడు.

ఏ దేశపు మంచునో గుర్తుపెట్టుకుని
ఇన్నేళ్ళు నోరు తెరుచుక్కూచున్న గూడు
మూడు రాత్రులు పనిచేసింది.

రిపోర్టులో దాని ఎదుట 'వాడినది' అని రాశాను.
ఇంజనీరు కొట్టేస్తాడు. కొట్టెయ్యనీ.

పొద్దు వాలి దిగుతుంటే పైడయ్య ఆగాడు.
"బాబూ, ఆ గుమ్మానికున్న ఇత్తడి బందు ఒకటి ఊడదీసుకోనా?"
దేనికి, అమ్మడానికా?
కాదట. ఇంటికి తలుపు పెట్టుకుంటున్నాడట.

ప్రభుత్వపు ఆస్తి, అనాలి నేను.
అవతల డాల్ఫిన్ నోస్ మీద దీపం వెలిగి, తిరిగి, వెళ్ళిపోయింది.
మరలు పట్టేసి ఉన్నాయి, ఒక పట్టాన రావడం లేదు.
ఫైలు గచ్చు మీద పెట్టి
నేనూ ఒక చెయ్యి వేశాను.