గోరంత గీత

గ్దీనియా రేవు వెనక, పాత సామాన్ల కొట్టు.
బొగుమీల చేతిసంచిలో ఒకే ఒక్క డిస్కు,
మూడో పాట మీద గోరంత గీత.

"నాలుగొందల జ్లోతీలు, సినిమాలూ ఆడుతుంది."
పెట్టి చూడమంది.
తళతళలాడే పెట్టె డిస్కును నోట్లోకి తీసుకుని
రుచి చూసి
ఉమ్మేసింది.

రెండోదానికి నత్తి:
అదే మాట, అదే మాట, అదే
"డిస్కు మార్చుకోండమ్మా, చవక," నవ్వాడు గెరార్డ్.
ముప్పై ఏళ్ళు ట్రాలీబస్సు నడిపిన మనిషి,
గతుకుందని దారి మార్చుకుంటుందా?

అడుగు అరలో రిమోట్ లేనిది, తొంభై.
గీత దగ్గర ఊపిరి బిగబట్టి
దాటేసింది.

బేరమాడలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది
సినిమాకి రంగు రాదని.
రాకపోతే పోనీ,
కిటికీలో సముద్రం కూడా
నవంబరంతా అంతే.