పొన్ను

రిటైరైన మర్నాడు
జానెడు ఇనపచువ్వ జేబులో పెట్టుకుని
పాత గాజువాకలో పైడాచారి కొలిమికి వెళ్ళాను.
ముప్ఫై మూడేళ్ళు నేను కాసిన మిల్లులో పుట్టిన చువ్వే,
ఎవరో మేడ కడుతుంటే మేస్త్రీని అడిగి తెచ్చుకున్నాను.

"చిన్న వేటకత్తి కావాలి చారీ,
మా అయ్యకుండేది అలాంటిది."

చారి దాన్ని దాగలి మీద టంగున కొట్టి
చెవి ఒగ్గి విని
పక్కన పడేశాడు.
"ఇది సిమెంట్లో పడుకునే జాతి బావూ,
మేడలు మొయ్యమను, మోస్తాది.
అంచు పట్టదు."

ముప్ఫై మూడేళ్ళు.
ఎర్రటి పాముల్లా నా ముందు పరిగెత్తిన టన్నుల్లో
ఒక్క జామకాయ కోసే ముక్క లేదని
ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్లో విరిగిన లారీ కమానుపట్టీ దొరికింది.
దాన్ని కాల్చి, సాగదీసి,
మళ్ళీ కాల్చి,
నువ్వులనూనెలో ముంచితే
కొలిమంతా పిండివంటల వాసన.

"పిడికి ఏటెడతావు?
దుప్పికొమ్ము దొరకదు, దొరికితే జైలు.
గేదెకొమ్ముందా?"

సంచిలోంచి రోకలి తీశాను.
హుద్‌హుద్ రాత్రి రేకులు కూలి విరిగిన
సగం రోకలి.

ఫ్యాక్టరీకి ఊరు ఖాళీ చేసిన రోజు
అయ్య కత్తి చూరులోనే ఉండిపోయింది.
చూరు బుల్డోజర్ కింద ఉండిపోయింది.
అమ్మ మాత్రం రోకలిని బండిలో వెయ్యనివ్వలేదు,
భుజాన పెట్టుకుని నడిచింది
జీడితోట దాటి, మొగలిపొదలు దాటి.
ఆ పొదలున్న చోట తర్వాత కోక్ ఓవెన్లు లేచాయి.
నాకు ఆర్ కార్డు మీద ఉద్యోగమొచ్చింది.
అయ్య కాలనీ గుమ్మంలో కూర్చుని
బొటనవేలితో
లేని కత్తికి పదును చూసుకునేవాడు.

చింతచేవ.
నడుం దగ్గర సన్నగా, నున్నగా,
దంచి దంచి అమ్మ అరచేతులు తవ్వుకున్న పల్లం.
అక్కడ కోశాడు పిడి.
వేళ్ళు పెట్టి చూసి
"ఇక్కడ నా ఆకురాయికి పనిలేదు" అన్నాడు.
రోకలి పొన్నునే కోసి, కుదించి
కత్తి మెడకి బిగించాడు.
తోక కాల్చి, లక్క పోసి, దించాడు.

ఇంతా చేసి
నేను వేటాడేదేముంది?
కుందేల్ని ఒక్కసారే చూశాను,
నైట్ షిఫ్టులో, స్లాగ్ బండి దీపం ముందు.
పట్టాల మధ్య చెవులు నిక్కించి నిలబడింది,
ఇంటి నంబరు మర్చిపోయినదానిలా.
నా చేతిలో టీ గ్లాసుంది.

కత్తి పట్టుకుని ఊరికే అప్పికొండ ఒడ్డుకి పోతే
వల చిక్కు తీసుకుంటూ మైలపల్లి ఎర్రన్న
"వేటకత్తా? ఏదీ, ఇలగియ్యి.
మాకు వేటంటే ఇదే గదా" అని
సముద్రం వైపు గడ్డం ఎత్తాడు.
అతనిది గంగవరం. వాళ్ళ ఒడ్డు పోర్టు కిందికి పోయింది.
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

నైలాను తాళ్ళు నాలుగు తెంపాడు.
పీక బిగిసిన కవళ్ళని విడిపించి
వాటి పొట్టలు చీల్చాడు.
లుంగీకి తుడిచి ఇచ్చేశాడు.
"మంచి పట్టుంది. ఎవలు సేసినారు?"

ఎవరని చెప్పను?
ఇంటికొచ్చి దీపం కింద చూస్తే
పొన్నుకీ చేవకీ మధ్య సందులో
ఒక చేప పొలుసు,
తళుక్కుమంటోంది.

తియ్యలేదు.