తల లేని ఫోటో

సంచీ డబల్‌రొట్టె అంత ఉంది.
అందులోంచి నేలదాకా జీరాడాల్సిన గౌను తీసి
బల్లమీద పరిచింది కేలీ.
గుప్పున కిరసనాయిలు వాసన.
మే నెలే గానీ న్యూఫౌండ్‌లాండ్ ఒప్పుకోలేదింకా,
కిటికీ తెరిస్తే పొగమంచు లోపలికొచ్చింది,
వెనకే రేవులో ఫెర్రీ కూత.

"బడి వీడ్కోలు డాన్సుకి పదకొండు రోజులే, వెర్నా ఆంటీ."

వేసవంతా పీతల ఫ్యాక్టరీలో నిలబడి
కాళ్ళు విరిచి కండ తీసిన పిల్ల.
వేళ్ళ సందుల్లో ఆ గాట్లు ఇంకా తెల్లగా.
గాట్లన్నీ కలిపితే రెండువందల డాలర్లు,
డాలర్లన్నీ కలిపితే ఇదీ.

వేలు పెట్టి చూశాను.
పూసలు కుట్టలేదు, అంటించారు.
గోరు తగిలితే చాలు, గచ్చు మీద వడగళ్ళు.
లేసు కాదది, లేసు బొమ్మ అచ్చు.
లైనింగు ఏదని అడగొద్దు.
పైన పటారం లోన లొటారం అంటారే,
దీని పటారం కూడా దారిలోనే రాలిపోయింది.

"ఫోటోలో ఎంత బావుందో చూడు" అని
ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది.
కళ్ళజోడు సర్దుకున్నాను.
అర్ధరాత్రి సముద్రం రంగు గౌను.
మెడ వరకే మనిషి. పైన తల లేదు.
భుజం పక్కన కిటికీ,
కిటికీలో పెచ్చులూడిన ఎర్ర కెటిల్.

వెనక్కి తిరిగి చూశాను.
కెటిల్ అక్కడే ఉంది.

నాలుగేళ్ళ కిందట మా తమ్ముడి కూతురు రోజలిన్ కోసం
మూడు వారాలు కుట్టాను ఆ గౌను.
నవ్వాపుకోలేక తల వెనక్కి వాల్చింది ఆరోజు.
ఆ నవ్వుతో సహా కత్తిరించేశారు,
మొహం ఉంటే అడిగేవాళ్ళుంటారని కాబోలు.
ఆరిళ్ళ అవతల పుట్టినదాని నీడని
ఈ పిల్ల సముద్రాలు దాటించి తెప్పించుకుంది.

చెప్పలేదు.
సిగ్గుపడ్డం ఒకసారి చాలు.
"ఈసారి కొనేముందు తల ఏదని అడుగు,
లోపలి కుట్టు చూపించమను,
చూపించకపోతే డబ్బుని జేబులోనే పడుకోనీ" అన్నాను,
నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని.

రాత్రి దీపం కింద కుట్లు విప్పుతున్నాను.
అన్నీ మిషను తొందరలే, వంకర పరుగులే.
నడుము దగ్గర మాత్రం
ఓ జానెడు చేతికుట్టు.
ఎడమకి వాలిన పోగులు, నావి వాలినట్టే.
ఎవరో ఎడంచేతి మనిషి,
ఏ ఊళ్ళోనో, గంటకి ఎన్ని గౌన్ల లెక్కనో,
వెనక ఎవరో అరుస్తూ ఉండగానే
చివర మూడు చుట్లు తిప్పి ముడి వేసింది.
లాగాను. రాలేదు.
మళ్ళీ లాగాను.

గౌను నకిలీ.
ముడి కాదు.

ఆ జానెడూ అలాగే ఉంచాను.
బీరువా అడుగున రోజలిన్ గౌనులో మిగిలిన గుడ్డ
రెండు గజాలకి పైన ఉంది.
సరిపోదు.
సరిపెడతాను.