సెకండ్ షో, మిర్యాలగూడ

శత్రువు పడ్డడు. ఈలలు.
చింపిన టికెట్ ముక్కలు
ప్రొజెక్టర్ వెలుగుల ఎగురుతున్నయి.
పక్క సీట్ల మట్టయ్య బావ లేడు.

సైకిల్ స్టాండు కాడ నల్లా కింద
చేతులు కడుగుతున్నడు,
పల్లీలు గూడ తినలే ఇయ్యాల.

"మంచిగనే తీసిండ్రు" అన్నడు.
"హీరో ఏడ్సుడు గూడ మంచిగుంది, ఏడుపుకో పాట వెట్టిండ్రు.
గని మనిషి పడంగనే కెమెరా జరుగుతది.
నాకు జరిగే ఆర్డర్ రాలే.
తెల్లారేదాంక వాని పక్కనే,
నేను కొట్టినోని పక్కనే.
జేబుల సగం కాల్చిన బీడీ ఉండె,
మిగిలిన సగం పొద్దుగాలకు దాసుకున్నట్టున్నడు."

ఆ బీడీ ఏంజేసినవని నేనడగలే.

రైసుమిల్లు ఊక వాసన గాలి.
లోపల ఇంకా కాల్పులు.
నల్లా కట్టేద్దామని చెయ్యి వెట్టిన.
"ఉండనియ్" అన్నడు.