స్థానిక నామం

చచ్చిన ఆకుల్ని కాగితానికి కుట్టడం నా ఉద్యోగం.
వాల్తేరు మెట్ట మీద యూనివర్సిటీలో
వృక్షశాస్త్రం వారి వెనక గది, ఇరవై రెండేళ్లు.
తెల్లదారం, సన్న సూది, నాఫ్తలీన్ ఉండలు.
వడ్డించిన అన్నంలో కూడా అదే వాసనంటాడు మా ఆయన.

గాలి అటునించి తిరిగితే
హార్బరులో ఓడ కూత మా కిటికీదాకా వస్తుంది.
పోర్ట్‌బ్లెయిర్ ఓడ.
దాని మీదే వెళ్లేవారు సోమలింగం మాస్టారు.
వెళ్లేటప్పుడు పాత పేపర్ల కట్టలు,
వచ్చేటప్పుడు అవే పేపర్లు, మడతల్లో అడివి.
క్రికెట్ స్కోర్ల మీద ఫెర్న్ ఆకులు,
శ్రద్ధాంజలి ఫొటోల మీద మొగలి వేళ్లు.

ఒకసారి హైమావతి మేడం కూడా వెళ్లారు, టేపు రికార్డరుతో.
ఆ దీవిలో ఆ భాష తెలిసినవాళ్లు
అప్పటికి తొమ్మిదిమందే.
అందులో ఇద్దరికి
ఒకరితో ఒకరికి మాటల్లేవట.

ఆయన కొమ్మ చూపిస్తే ముసలమ్మ ఒక మాట అనేది,
ఈవిడ రాసుకునేది.

నూట పద్దెనిమిదో షీటు.
కుటుంబం ఉంది. ప్రజాతి ఉంది.
జాతి దగ్గర ప్రశ్నార్థకం.
స్థానిక నామం: మూడక్షరాలు, పెన్సిలుతో.
పువ్వు: లేదు.

హుద్‌హుద్ వచ్చిన ఏడు
మా అద్దాలు పగిలి, బీరువాల్లోకి వాన.
తడిసిన షీట్లని మేడ మీద
వడియాల్లా ఆరబెట్టి, ఇటుకలు పెట్టి, కాకుల్ని తోలాను.
సిరాతో రాసిన ఊళ్లూ తేదీలూ నీలంగా కారిపోయాయి.
పెన్సిలు మాట మాత్రం కదల్లేదు.
అప్పటికి మాస్టారు లేరు.
ఆ మూడక్షరాలు ఆయన వ్యాసంలో అచ్చయి ఉన్నాయి,
ఇంకెవరెవరి వ్యాసాల్లోనో కూడా.

మొన్న బీరువాలు జరపడానికి
జాలారిపేట నించి గరికిన నూకరాజు వచ్చాడు.
పందొమ్మిదేళ్లు అండమాన్ల వేట చేసినవాడు.
లేబుల్ మీద మాట నేను పైకి చదివితే
గమేళా కింద పెట్టి నవ్వాడు.

"ఓలమ్మా, ఇది సెట్టు పేరు కాదు.
మంచినీళ్లకి ఆ దీవికాడ ఆగీవోలం.
కొబ్బరికాయలు దించినారా అంటే ఇదే మాట.
వల ఎండిందా అంటే ఇదే మాట.
'ఇంకా నేదు' అని."

షీటు వైపు చూశాను.
ఆకులు ఏడు, మొగ్గలు నాలుగు. గట్టిగా ముడుచుకున్నవి.

ఎంవీపీ కాలనీకి ఫోన్ చేశాను.
హైమావతి మేడం చాలాసేపు ఏమీ అనలేదు.
వెనక ఎవరింట్లోదో కుక్కర్ కూత.
"ఆ మాట అంటూ ఆవిడ గుప్పిట మూసి, తెరిచింది,"
అన్నారు చివరికి.
"టేపులో చెయ్యి రికార్డవదు కదా."
తొమ్మిదిమందిలో ఇప్పుడెవరున్నారో నేనడగలేదు.
ఆవిడా చెప్పలేదు.

లేబుల్ చెరపకూడదు, అది రూలు.
తప్పుని తప్పుగానే ఉంచి
పక్కన ఇంకో చీటీ అతికించాలి.
చీటీ కత్తిరించాను గాని ఏం రాయాలో తోచలేదు.
ఆ మాట ఇక్కడా రాయను,
రాస్తే మళ్లీ పేరైపోతుంది.
రాలిన గింజలూ రేకులూ దాచడానికి
షీటు మూలన కాగితం పొట్లం పెడతాం,
అది మాత్రం మడిచి అంటించాను. ఖాళీది.

సాయంత్రమైంది. ఓడ కూసింది.
మూడో బీరువా జరిపేశావా అని
తలుపులోంచి కేకేశాను.

నడవలోంచి నూకరాజు
ఆలోచించకుండా, తెలుగులో కాకుండా,
ఆ మాటే అన్నాడు.