చెప్పుల ముఖం

ఓదెలూ, పాస్‌పోర్టు వచ్చిందట గద.
కూసో. ఈ కండె అయిపోయేదాంక చెప్త,
మళ్ళ నాకు యాదికుండది.

సంఘం పంపితే పన్నెండు రోజులున్న ఆ జపాన్‌ల,
కొత్తవాడ జంపఖానా ఒకటి చంకల పెట్టుకొని.

ఇంట్లకు పోంగనే చెప్పులు ఇడుసుడు మనకెరుకే.
పాయఖానాకు వేరే చెప్పులుంటయి, అది నాకెరుక లేదు.
అవే ఏసుకొనొచ్చి చాప మీద నిలబడ్డ.
ఎవ్వలేమనలే.
ఒక చిన్నపిల్ల మాత్రం నోరు మూసుకొని
అటుదిక్కు తిరిగింది.

చాపంటే మన ఈతచాప గాదు.
గడ్డితోని నేసిన మెత్త, పొడుగు దిక్కు నల్లగుడ్డ అంచు.
అంచు తొక్కద్దన్నరు.
ఎందుకని నేనడగలే.
అంచు నేసేటోనికి ఇంకొకడు చెప్పాల్నా?

అన్నంల పుల్లలు నిలువుగ గుచ్చకు.
నేను గుచ్చిన.
గుచ్చి నీళ్ళు తాగవోయిన, గదిల మాట ఆగింది.
ఫుమియె అవ్వ నిమ్మళంగ తీసి పక్కకు పండవెట్టింది.
సచ్చినోళ్ళకు అట్ల పెడ్తరట.
మా నాయినకు పిట్టకు పెట్టిన ముద్ద
కండ్లల్ల మెదిలింది. ఆ పూట బుక్క దిగలే.

లావు సేమ్యా పులుసుల ఏసిస్తరు,
జుర్రుమని సప్పుడు జేస్కుంట తిను, సిగ్గువడకు.
గా సప్పుడుకే మా అమ్మ ఈపు మీద ఇచ్చేది.

పైసలు చేతికియ్యకు, చిన్న తట్ట ఉంటది, అండ్ల పెట్టు.
చిల్లర ఇడిసిపెట్టి రాకు.
ఒక పోరడు సందు చివరిదాంక ఉరికొచ్చి
నా రెండు బిళ్ళలు నాకిచ్చి వంగిండు.
నేనూ వంగిన. వాడు మళ్ళ వంగిండు.
ఎవడు ముందు ఆపాల్నో ఇద్దరికీ తెల్వలే.
వంగుడు నీకు నేర్పే పనిలేదు తియ్,
గుంటమగ్గం ముందల ఇరవై ఏండ్లసంది
అదే పనిమీదున్నవు.

రైల్ల ఫోన్ మోగనియ్యకు.
బోగీ అంత దవాఖాన లెక్క.
జమ్మికుంట ప్యాసింజర్‌ల పల్లీలమ్మేటోని గొంతు కోసం
పాణం కొట్టుకున్నది నాకు.

లేదు అని మొఖం మీద చెప్పరు వాళ్ళు.
పండ్ల సందునుంచి గాలి గుంజి, మాట సగంల ఆపుతరు.
మన "సూద్దాం తియ్" ఉన్నది గద, అదే.
నా జంపఖానాకు ఇరవై ఆర్డర్లని సంబురపడ్డ,
ఆ గాలి సప్పుడు అర్థమైంది ఊరికొచ్చినంకనే.

గివన్ని మరిసిపోయినా పర్వాలేదు. ఇది ఇను.

మొదటి పొద్దు ఆమె ఇంట్ల చాయ తాగి బయటికొస్తే
నా చెప్పులు ముఖం తిప్పుకొని
రోడ్డు దిక్కు చూస్తున్నయి.
నేనిడిసింది అట్ల గాదు.
పొమ్మంటున్నరనుకున్న.
చాప మీద ఆ చెప్పులతోని నిలబడ్డందుకే అనుకున్న.
రాత్రంత కన్ను మూయలే.

తెల్లారి మళ్ళ పిలిస్తే పోయిన.
మాటల నడుమ వాకిట్లకు తొంగిచూసిన.
ఎనభై దాటిన అవ్వ, మోకాళ్ళ మీద కూసొని,
పట్టీ తెగి పిన్నీసు పెట్టిన నా చెప్పుల్ని
రెండు చేతులతోని తిప్పుతున్నది.
పోయేటప్పుడు నా కాలు సీదా దూరాలని.

నేను చూసిన్నని ఆమెకు తెల్వది.
నేనూ చెప్పలే. చెప్పెటందుకు భాష ఏడిది?

ఇంటికొచ్చినంక సేటు గుమాస్తా లెక్కలకొస్తే
ఆయన చెప్పులు తిప్పి పెట్టిన.
"ఏందయా, ఎల్లిపొమ్మంటున్నవా?" అని గరమైండు.
బిల్లు రెండు నెలలు ఆపిండు.
స్వరూప పడి పడి నవ్వింది.
ఇంట్ల బియ్యం అయిపోయినంక నవ్వు బందువెట్టి
తిట్టుడు వెట్టింది.
"జపాన్ పోయి చెప్పులు మోసుడు నేర్చుకొనొచ్చిండు,"
వాడకట్టంత చెప్పింది.

ఆఁ, కండె అయిపోయింది. లే ఇగ.
చలికోటు ఒకటి అడిగి తెచ్చుకో యాడనన్న.

గడప కాడ సూడు ఓదెలూ,
నీ చెప్పులు రోడ్డు దిక్కు తిరిగున్నయి.
నేనైతే ఇక్కడికెంచి లేవనేలేదు.