ఎద్దు పేరున్నవాడు

నంబూరు రైలుగేటు అవతల, మా రేకుల గదికి
రెండువేల అయిదొందలు అద్దె, కరెంటు వేరే.
వచ్చినవాడు తల వంచి లోపలికి దూరాడు.
నుదుటి మీద ఆరు గీతలు, చెవి నుంచి చెవికి,
దున్నిన చాళ్లలా.

గది చూడలేదు. కొట్టం చూశాడు.
"దీని పేరేంటి ఆంటీ?"
ఆవుకి పేరేంటి నాయనా, ఆవే.
డాక్టరు చెవికి పసుప్పచ్చ బిళ్ల కొట్టి
పన్నెండంకెలేసి పోయాడు.
వాడు బిళ్ల తిప్పి చదివి,
ఎవరో పోయినట్టు కాసేపు మాట్లాడలేదు.

మకువే అంటే వాడి పేరు.
ఒళ్లంతా నలుపు, తల మాత్రం తెలుపు ఉండే ఎద్దట,
చేపల్ని తన్నుకుపోయే గద్ద రంగు.
వాళ్లమ్మ కోసం వాళ్ల నాన్న తోలుకెళ్లిన మందలో
అదే ముందు నడిచిందట.
మా వైపు ఎద్దా అంటే తిట్టు.
మా ఆయన్ని ముప్పయ్యేళ్లుగా అంటున్నాను.
వీడేమో ఆ మాట చెప్పి ఛాతీ విరుచుకున్నాడు.

పాలు పితకమని చెంబిస్తే వెనక్కి గంతేశాడు.
గీతలు పడ్డాక మగాడు పొదుగు ముట్టకూడదట.
చాకిరీ తప్పించుకునే ఈ ఎత్తు
మా ఆయనకి ఇన్నాళ్లూ తట్టలేదు, నయం.
పేడ మాత్రం వాడే తీసేవాడు, చేత్తోనే.
ఎండబెట్టి పొద్దుగూకాక పొగ వేసేవాడు.
తెల్లారి ఆ బూడిదతోనే పళ్లు తోముకునేవాడు.
మా అత్తా అంతే. ఆవిడ పోయాక
కచ్చిక అన్న మాటే వినపళ్లేదు ఈ ఇంట్లో.

వాళ్ల భాషలో ఆవు రంగులకి
లెక్కలేనన్ని మాటలట. మీకో? అన్నాడు.
తెల్లది, నల్లది అన్నాను. సిగ్గేసింది.
ఆ రాత్రి నిద్రపట్టక, మా తాత నోట విన్నవి ఏరుకున్నాను.
కర్రి. పుల్ల. మైల. బొల్లి. కపిల.
ఇంకొకటుండాలి, వాన ముందు మబ్బు రంగుది,
నాలిక చివరికొచ్చి ఆగిపోయింది.

ముసురు రోజుల్లో ఫోనొచ్చింది.
నది పొంగి వాళ్ల గడ్డి మునిగింది,
తమ్ముడు మందను ఎటు తోలుకుపోయాడో తెలీదు.
వాడు కొట్టంలో నిలబడి రెండు చేతులూ
కొమ్ముల్లా పైకెత్తి వంచి, పాడాడు.
పాటంతా ఎద్దేనట.
మా ఆవు నెమరు ఆపింది.
నాది కొల్లిపర దగ్గర లంక. నీళ్ల సంగతి నాకూ తెలుసు.
ఏమీ అనలేదు. కుడితి తొట్టి ముందుకు జరిపాను.

పరీక్షలయ్యాయి. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.
ముందు ఆవు దగ్గరికెళ్లి గంగడోలు నిమిరి
చెప్పాడు, ఏవిటో, చాలాసేపు చెప్పాడు.
తర్వాత నాకు: "వస్తా ఆంటీ."
అంతే.

అడ్వాన్సు తిరిగిచ్చేశాను.
వంద మాత్రం పట్టుకున్నాను, గోడకి పట్టిన పొగకి.
ఆ గోడకి ఇంకా సున్నం వేయించలేదు.